వరద ఫోటో మీద ఒండ్రుమట్టి నిలవాలంటే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను బీఎఫ్ఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఈ సెమిస్టర్‌కి ఫోటోల మీద మిక్స్‌డ్ మీడియా (ఫోటోకి రంగో, మట్టో, దారమో ఇంకో పదార్థం జోడించే) ప్రాజెక్టు ఇచ్చారు. నా దగ్గర 2022 వరదలో మా ఊళ్ళో ఫోన్‌తో తీసిన ఫోటోలు, అమ్మమ్మ లేసు అల్లుతుండగా తీసినవి, అమ్మమ్మ తాతయ్యల పెళ్ళిఫోటో ఒకటి ఉన్నాయి. స్టూడియోలో గ్లాసీ ప్రింట్లు తీయించి అక్రిలిక్ వేస్తే ఆరాక పొరలా ఊడొచ్చేసింది. వాటర్ కలర్ అయితే తామరాకు మీద నీటిబొట్టే. ఏటిఒడ్డు మట్టి తెచ్చి ఫెవికాల్‌తో అంటిస్తే బీటలు వారి రాలిపోతోంది. పెళ్ళిఫోటో మీద రంగులు వేస్తానంటే అమ్మ కొట్టినంత పని చేసింది. ఫ్రెండ్సేమో ఫోన్లో ఫిల్టర్ పెడితే పోయేదానికి ఇంత టెన్షన్ దేనికంటున్నారు. సబ్మిషన్‌కి నెలన్నర ఉంది. ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

- పేరు రాయొద్దన్న విద్యార్థిని, కోనసీమ

సమాధానం: ముందుగా పెళ్ళిఫోటో సంగతి. అందులో నా ఓటు మీ అమ్మగారికే. ఆ ఫోటో జోలికి వెళ్ళకు. నెగెటివ్ ఏ స్టూడియో అటక మీద ఏమైపోయిందో ఎవరికీ తెలియదు, ఉన్నది ఆ ఒక్క కాగితమే. దాన్ని స్కాన్ చేయించి, కాపీ మీద నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకో. జిరాక్స్ షాపులో మామూలుగా 200 డీపీఐకో 300కో (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టి స్కాన్ చేసేస్తారు. 600 డీపీఐ పెట్టమని అడుగు. ఫ్రేములో ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే (మన తేమకి చాలా ఇళ్ళల్లో జరిగేదే) లాగొద్దు, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టించు. లాగితే అమ్మమ్మ ముఖం అద్దం మీదే ఉండిపోతుంది.

వరద ఫోటోలకి కూడా ఒక మాట. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీలు ప్రింటుకి ఇవ్వకు. ఆ ప్రయాణంలో ఫోటో బాగా కుదించుకుపోతుంది. తీసిన ఫోన్లోంచి అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్ళు.

ఇక నీ రంగు ఎందుకు ఊడిందంటే, తప్పు నీ చేతిది కాదు, కాగితానిది. ఇప్పుడు స్టూడియోల్లో ఇచ్చే ప్రింటు కాగితానికి రెండు వైపులా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. దాని పైన బొమ్మ ఉన్న పొర, ఆపైన మెరుపు. అక్రిలిక్‌కి పట్టు కావాలి, ఆ నునుపు మీద ఏం పట్టుకుంటుంది? వెనకటి నలుపు తెలుపు ప్రింట్లకి ఈ ప్లాస్టిక్ పూత ఉండేది కాదు. పైగా రంగులు వేయించాలనుకున్నవాళ్ళకి స్టూడియోవాళ్ళు మెరుపు లేని కాగితం మీదే తీసేవాళ్ళు. మన దేశంలో 1860ల నుంచే ఫోటోల మీద చేత్తో రంగులు వేస్తున్నారు. జమీందార్ల తలపాగాలకీ నగలకీ బంగారు రంగు దిద్దేవాళ్ళు. అందుకని నీ ప్రాజెక్టు కొత్త వింత అని ఎవరైనా అంటే నమ్మకు.

కాబట్టి కాగితం మార్చు. నీకు పనికొచ్చేవి మూడు రకాల ప్రింట్లు. మొదటిది కలర్ జిరాక్స్, అంటే లేజర్ ప్రింటు, 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితానికి ఎన్ని గ్రాముల బరువన్న లెక్క) దాకా మందమున్న కార్డు మీద. ఆ మిషన్లో వాడేది సిరా కాదు, వేడికి కరిగి కాగితానికి అంటుకునే పొడి. నీళ్ళు తగిలినా చెదరదు, రంగు పట్టుకుంటుంది, అన్నిటికంటే చవక. నీ పనిలో ముప్పాతిక వంతు దీని మీదే అయిపోతుంది. రెండోది ఇంక్‌జెట్ ప్రింటు, మామూలు కాగితం మీద. చాలా ఇంక్‌జెట్ సిరాలు తడి తగిలితే కారిపోతాయి. ఓ మూల తడివేలితో రుద్ది చూస్తే తెలిసిపోతుంది. వరద ఫోటోకి ఆ కారిపోయే గుణాన్నే వాడుకోవచ్చు. చూరు నుంచి కారుతున్నట్టు పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు వదిలి, కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుంటే ఇల్లు నీ కళ్ళముందే కరగడం మొదలుపెడుతుంది. ఎక్కడ ఆపాలో నువ్వు చూసుకుని అద్దుడు కాగితంతో ఆపు. ఇలాంటివి నాలుగైదు ప్రింట్లు ఒకేసారి తీయించుకో, ఏదో ఒకటే కుదురుతుంది. మూడోది ల్యాబ్‌లో తీయించిన మ్యాట్ ప్రింటు. దాని మీద కూడా నేరుగా రంగు వేయకుండా, 400 నంబరు ఉప్పు కాగితంతో మెత్తగా, బరువు వేయకుండా ఓసారి రుద్ది, పైన అక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు కలపని, మెరుపు లేని అక్రిలిక్ ద్రవం) పల్చగా ఒక కోటింగ్ వేసి ఆరనివ్వు. అప్పుడు నువ్వు వేసింది ఊడదు.

అయితే ఇప్పటికే తీయించిన గ్లాసీ ప్రింట్లు పారేయకు. అవి రంగు వేయడానికి కాదుగానీ గీకడానికి భలే ఉంటాయి. పెద్ద ల్యాబ్‌లో కెమికల్స్‌లో కడిగి తీసిన కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన నీలం ఛాయ, దాని కింద గులాబీ ఛాయ, అడుగున పసుపు. ప్రింటుని గోరువెచ్చటి నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచితే ఆ పొరలు ఉబ్బి మెత్తబడతాయి. అప్పుడు కంపాస్ ముల్లుతోనో బ్లేడు మూలతోనో, నల్లగా నీడలు ఉన్న చోట తేలిగ్గా గీయి. మొదటి గీతకి నలుపులోంచి ఎరుపు, నారింజ బయటపడతాయి. అదే గీత మీద ఇంకాస్త నొక్కితే పసుపు. ఇంకా నొక్కితే తెల్ల కాగితం. చేతి ఒత్తిడి ఒక్కటే మారుతుంది, రంగు డబ్బా తెరవకుండా మూడు రంగులు వస్తాయి. ఆకాశం లాంటి తెల్లటి చోట గీస్తే ఏమీ రాదు, అక్కడ రంగే లేదు కదా. సాయంత్రం పూట తీసిన వరద ఫోటో ఏదైనా ఉంటే, చెట్ల నీడలు పడ్డ నీళ్ళ మీద ప్రయత్నించు. ఒకటి మాత్రం చూసుకో. ఈమధ్య చిన్న స్టూడియోల్లో ఇచ్చేవి చాలావరకు ఇంక్‌జెట్ ప్రింట్లే, వాటిలో ఈ పొరలుండవు. మూల తడిపి గీసి చూడు, నారింజ రంగు కనిపిస్తేనే ముందుకెళ్ళు.

నీ ఫ్రెండ్స్ ఫిల్టర్ మాట ఇక్కడ తేల్చేద్దాం. ఫిల్టర్‌తో మట్టిరంగు వస్తుంది, మట్టి రాదు. అంతకంటే వాదన అక్కర్లేదు. కానీ వాళ్ళ ప్రశ్నలో ఒక పదును ఉంది, దాన్ని నీ మీదకి తిప్పుకో: ఈ ఫోటో మీద ఈ పదార్థమే ఎందుకు? చాలామంది పిల్లలు ఫోటో మీద కాస్త బంగారు రంగు, కాస్త దారం, రెండు ఎండుటాకులు, ఓ న్యూస్‌పేపర్ ముక్క వేసి మిక్స్‌డ్ మీడియా అనేస్తారు. చూడ్డానికి గ్రీటింగ్ కార్డు తయారవుతుంది. నేనైతే ప్రతి ఫోటో దగ్గరా ఒక్కటే అడుగుతాను. ఈ ఫోటోకి తెలియనిది ఏమిటి? తెలియనిది దొరికితే అదే నీ రెండో మీడియం. దొరక్కపోతే ఆ ఫోటోని అలాగే వదిలెయ్, అది ఫోటోగానే బావుంది.

పెళ్ళిఫోటోకి తెలియనిది రంగు. అమ్మమ్మ పక్కన కూర్చుని అడుగు, మధుపర్కాల అంచు ఏ రంగు, పూలదండలో ఏమేం పూలు, బాసికం ఎలా ఉండేది అని. ఆమె చెప్పినవరకే రంగు వెయ్యి. గుర్తులేదన్న వాటిని బూడిదరంగులోనే ఉంచు. అప్పుడు ఏది గుర్తుంది, ఏది మరిచిపోయారు అన్నది కూడా బొమ్మలో కనిపిస్తుంది. ఇక్కడ చేతిపని చిట్కా ఒకటుంది. స్కాన్‌ని ఉన్నదున్నట్టు ప్రింటు తీయించకు. కంప్యూటర్లో కాంట్రాస్టు తగ్గించి, నలుపంతా లేత బూడిదగా మారాక తీయించు. పల్చటి రంగు నలుపు మీద కనిపించదు, లేత బూడిద మీద వెలుగుతుంది. కార్డు మీది లేజర్ ప్రింటుకి కలర్ పెన్సిళ్ళు చాలు, పొరలు పొరలుగా రుద్దుకుంటూ పో. నిజం పసుపు రాద్దామని అనిపించొచ్చు, పెళ్ళి కదా. రాయి, కానీ పసుపు వెలుతురుకి ఇట్టే పాలిపోతుందని తెలిసి రాయి. ప్రదర్శనలో కిటికీ ఎదురుగా మాత్రం పెట్టకు.

వరద ఫోటోలకి తెలియనిది మట్టి, ఎత్తు.

మట్టి ఎందుకు బీటలు వారిందంటే, ఒండ్రు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండుతూ ముడుచుకుంటుంది. కింద కాగితం దానితోపాటు ముడుచుకోదు. మందంగా వేస్తే తెగిపోక ఏం చేస్తుంది? దీనికి కొంచెం ఓపిక కావాలి. తెచ్చిన మట్టిని బాగా ఎండబెట్టి, దంచి, పాత నేత చీర ముక్కలో వేసి వస్త్రగాళితం పట్టు. అంతే కొలత సన్నటి ఏటి ఇసుక కలుపు. ఇసుక ముడుచుకోదు, అందుకని మట్టిని నిలబెడుతుంది. ఫెవికాల్‌ని సమానంగా నీళ్ళు కలిపి పల్చన చేసి, ముందు దాన్ని ప్రింటు మీద ఒక పూత వెయ్యి. అది జిగటగా ఉండగానే మట్టి మిశ్రమాన్ని ఆ జిగురునీళ్ళతోనే కలిపి బ్రష్‌తో పల్చగా రాయి. పూర్తిగా ఆరాక రెండోసారి, మళ్ళీ ఆరాక మూడోసారి. ఒకేసారి కుమ్మరించావా, మళ్ళీ మొదటికొస్తావు. ప్రింటుని కూడా ముందే మౌంట్ బోర్డుకో ప్లైవుడ్ ముక్కకో అతికించుకో. ఒంగే కాగితం మీద మట్టి నిలవదు. బీటలే నీకు కావాలంటే ఇసుక తగ్గించి, కింది జిగురు పూత మాత్రం గట్టిగా వెయ్యి. బీట వారుతుంది, రాలదు.

నువ్వు మట్టి ఎక్కడ తీశావో రాయలేదు. మీ ఊరు ఎగువనుంటే ఇబ్బంది లేదు. అంతర్వేది వైపు, సముద్రపు పోటు నీళ్ళు ఎక్కే చోట తీస్తే అందులో ఉప్పుంటుంది. ఉప్పు గాల్లో తేమ లాగుతుంది, ఆరినట్టే ఉండి మళ్ళీ చెమ్మగిల్లుతుంది, కొన్నాళ్ళకి పైన తెల్లగా పొటమరిస్తుంది. బకెట్ నీళ్ళలో మట్టి కలిపి, తేరాక పైనీళ్ళు వంచేసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, ఇలా కొన్నిసార్లు చేస్తే పోతుంది. అప్పుడు ఎండబెట్టు.

ఎత్తు సంగతి నాకు మట్టికంటే ఆసక్తిగా ఉంది. వరద రోజుల్లో టీవీలో తిరిగే అంకెలు నీకు కంఠతా వచ్చే ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటికీ రెండోదానికీ మధ్య రెండడుగులు, రెండుకీ మూడుకీ మధ్య నాలుగడుగులు. ఆ మూడు గీతల్నీ అదే నిష్పత్తిలో, పక్కపక్కన పెట్టిన మూడు ఫోటోల మీదుగా ఒక్క వరసలో గీయి. ఒక ఫోటో అంచు నుంచి రెండో ఫోటోలోకి గీత ఆగకుండా పోవాలి. అయితే అవి బ్యారేజీ దగ్గర కొలతలు, మీ గోడ మీద నీటి ఎత్తు కాదు. కాబట్టి టేపు తీసుకుని మీ ఇంటికీ పక్కిళ్ళకీ వెళ్ళు, గోడ మీద వరద మరక నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాసుకో. సున్నం వేసేసిన గోడలుంటే ఇంట్లోవాళ్ళు చేత్తో చూపిస్తారు, 1986 వరద చూసిన పెద్దవాళ్ళయితే అదీ ఇదీ రెండూ చూపిస్తారు. ప్రభుత్వ అంకెలకి పెన్సిల్ గీత, ఇంటివాళ్ళు చూపించిన ఎత్తుకి మట్టి గీత. ఈ రెండూ కలవకపోవడమే చూసేవాళ్ళని ఫోటో దగ్గర నిలబెడుతుంది.

ఇక్కడే ఇంకో మాట. ఆ ఫోటోల్లో పక్కింటివాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో సామాన్లు మోస్తూ కనిపిస్తే, వాళ్ళకి ఆ ఫోటో చూపించి, కాలేజీలో గోడకి పెడతానని చెప్పి ఒప్పుకున్నాకే వాడు. కొలవడానికి ఎలాగూ వెళ్తున్నావు కాబట్టి ఆ పని కూడా అయిపోతుంది. ఎవరైనా వద్దంటే ఆ ఫోటో పక్కన పెట్టెయ్. ముఖం మీద మట్టి రాసి కనపడకుండా చేస్తాననే ఆలోచన మాత్రం వద్దు, అది వాళ్ళకి ఇంకా కష్టంగా ఉంటుంది.

అమ్మమ్మ లేసు ఫోటోకి తెలియనిది దారం. చేతులు దగ్గరగా కనిపించే ఫోటో ఒకటి ఎంచుకో. లేసు ఫోటోలో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నిజం లేసు మొదలై కాగితం అంచు దాటి కిందికి వేలాడాలి. కాగితాన్ని నేరుగా సూదితో కుట్టకు. ఫోటో కింద థర్మాకోల్ ముక్క పెట్టి, గుండుసూదితో ముందే చిల్లులు పొడుచుకో. చిల్లుకీ చిల్లుకీ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి, దగ్గరగా పొడిస్తే ఆ వరస వెంటే కాగితం చిరుగుతుంది. వెనకవైపు ఆ మేర బట్ట టేపు వేసి, అప్పుడు దారం ఎక్కించు, గట్టిగా లాగకు. తెల్ల చీర మీద తెల్ల దారం కనపడదు కాబట్టి ప్రింటుని ఒక ఛాయ ముదురుగా తీయించు.

ఆ లేసు నువ్వు అల్లకు, అమ్మమ్మనే అల్లమను. బొమ్మ పక్కన చీటీలో ఆమె పేరు నీ పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ మన గోదావరి జిల్లాల్లో ఇంటి అరుగుల మీద కూర్చుని తరతరాలుగా అల్లినవాళ్ళ పేర్లు ఏ లేసు మీదా లేవు. అమ్మమ్మ ఏమంటుందో కూడా రాసుకో. "ఈ కాగితానికి లేసేంటే పిచ్చిదానా" అంటే అదే రాసుకో.

నెట్‌లో చూసి సయనోటైప్ చేద్దామని నీకు ఆశ పుట్టొచ్చు. 1842లో ఇంగ్లీషు శాస్త్రవేత్త హెర్షెల్ కనిపెట్టిన నీలిరంగు పద్ధతి, ఎండతో బొమ్మ అచ్చు పడుతుంది. బావుంటుంది, కానీ రెండు రసాయనాలు తెప్పించుకోవాలి, ఎండ తగలని మసక వెలుతురులో పూత వేయడం అలవాటు చేసుకోవాలి. వచ్చే ఏడాదికి ఉంచుకో. దాని బదులు సులువైనది కావాలంటే జిరాక్స్‌ని గుడ్డ మీదికి దింపడం ఉంది. బొమ్మని ముందే అద్దంలో కనిపించినట్టు తిప్పి లేజర్ ప్రింటు తీయించి, అక్రిలిక్ మీడియం రాసిన గుడ్డ మీద బోర్లా అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు తడివేళ్ళతో వెనక కాగితాన్ని కొంచెం కొంచెంగా రుద్ది తీసేయడమే. ఫెవికాల్‌తో కూడా వస్తుంది కానీ అది తడికి మళ్ళీ మెత్తబడుతుంది, బొమ్మ కూడా వేళ్ళకి అంటుకుని వచ్చేస్తుంది. తిప్పడం మరిచిపోతే ఊరి బోర్డు మీద అక్షరాలు తిరగబడతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో చేసే పద్ధతి కూడా ఉంది, తలుపులు మూసిన గదిలో మాత్రం ఎప్పుడూ చేయకు.

మన తేమలో అన్నీ ఆలస్యంగా ఆరతాయి. చివరి వారంలో జిగురు పని పెట్టుకోకు. ఆరాక రెండు ప్రింట్లు ముఖాముఖి పేర్చితే అతుక్కుంటాయి, మధ్యలో బటర్ పేపర్ పెట్టు. లామినేషన్ చేయిస్తానంటే వద్దంటాను, లోపల మిగిలిన చెమ్మకి బూజు పడుతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంట్ బోర్డు పట్టీ వేసి ఖాళీ ఉంచమను. పెళ్ళిఫోటో అద్దానికి ఎందుకు అతుక్కుంటుందో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది.

చెడిపోయినవి దాచు. ఊడిపోయిన అక్రిలిక్ పొర, రాలిన మట్టి, అన్నీ. ప్రతి దాని వెనకా పెన్సిల్‌తో ఏ కాగితం, ఏ జిగురు, ఎంత నీళ్ళు, ఏ తేదీ అని రాయి. బాల్‌పెన్‌తో రాస్తే ముందుకి అచ్చు పడుతుంది. వైవాలో ప్రయోగం ఎక్కడ అని అడిగితే ఆ కట్ట విప్పి చూపించడమే.

నెలన్నరలో అన్నీ చేయాలని చూడకు. వరద వరస మూడు ఫోటోలు, అమ్మమ్మ చేతులు ఒకటి, చాలు. పెళ్ళిఫోటో టైముంటే చేద్దువుగాని. ఈ వారం కలర్ జిరాక్స్‌లు, మౌంట్ బోర్డు, చిన్న సీసా మ్యాట్ మీడియం కొనుక్కో. మట్టి మాత్రం వానలు పడకముందే తెచ్చి ఎండబెట్టుకో. ఫెవికాల్ నీ దగ్గర ఎలాగూ ఉంది.